గాలి ఎవర్ని మిగిల్చింది?

1996 నవంబరు 6. ఇది చదువుతున్న మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. ఆ రాత్రి తుపాను మా ఐ.పోలవరం చుట్టుపక్కల కొబ్బరితోటల్ని పడగొట్టేసింది. "ఆ గాలికి నిలబడ్డ చెట్ల మొక్కలు తర్వాతి తుపాన్లని బాగా తట్టుకుంటాయా అన్నా?" అని మొన్న ఓ తమ్ముడు మెసేజ్ పెట్టాడు.

మంచి ప్రశ్న. జవాబు కోసం ఓసారి కరీబియన్ దీవుల దాకా వెళ్లొద్దాం.

2017లో టర్క్స్ అండ్ కైకోస్ దీవుల్లో కోలిన్ డోనిహ్యూ బృందం చెట్లెక్కే చిన్న బల్లుల్ని పట్టి కొలతలు తీసుకుంది. కొద్దిరోజులకే ఇర్మా, వెంటనే మరియా హరికేన్లు విరుచుకుపడ్డాయి. మళ్లీ వెళ్లి కొలిస్తే, మిగిలిన బల్లులకి సగటున వేళ్ల కింద మెత్తలు పెద్దవి, ముందుకాళ్లు పొడుగు, వెనక తొడలు పొట్టి. గాలికి వేళ్లు పెరిగాయనుకునేరు! పట్టు లేనివి పోయాయి, ఉన్నవి మిగిలాయి, అంతే. ఆకులు ఊదే మిషన్‌తో కర్ర మీది బల్లులకి గాలి కొట్టి మరీ చూశారు (వల పట్టార్లెండి, దెబ్బ తగలకుండా). పొడుగు తొడలు తెరచాపలా గాలిని పట్టేస్తున్నాయి. ఏడాదిన్నర తర్వాత, కొత్త తరంలోనూ పెద్ద మెత్తలే.

మన కొబ్బరికి అంత తొందర లేదు. దేశవాళీ పొడుగు రకం కాపుకొచ్చేసరికే ఆరేడేళ్లు. నిలబడ్డ చెట్టు బలంతోనే నిలబడిందనీ లేదు, పక్కన డాబా అడ్డం ఉందేమో! పైగా కూలినచోట నాటే మొక్కని ఎంచేది గాలి కాదు, మనం. త్వరగా కాస్తుందా, ఎన్ని కాయలు? అదే మన లెక్క. కాబట్టి తమ్ముడూ, పెద్దగా ఆశపెట్టుకోకు.

అసలు తొందర వేరేవాళ్లది. 2016లో మన దేశంలో బయటపడ్డ సర్పిలాకార తెల్లదోమకి గుడ్డు నుంచి రెక్కలదాకా నెలా, నెలన్నర. కొబ్బరి తొలికాపుకొచ్చేలోపు దానికి యాభై తరాలు!

మా మావయ్య "ఇంకో ట్యాంకు మందు కొట్టేద్దాం అల్లుడూ" అంటాడు. తప్పుపట్టలేను, మా మరదలి కాలేజీ ఫీజు ఆ తోట మీదే. కానీ మందుకి చావని నాలుగు దోమలే పిల్లల్ని పెడతాయి. ఆ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగ మాత్రం ముందే చస్తుంది. అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్లు దోమకి రోగం తెప్పించే ఇసారియా శిలీంధ్రం వాడమంటున్నారు.

గంటసేపు వాదించాక, ఈ వారానికి ట్యాంకులో ఒట్టి నీళ్లే పోయించాడు. ఆకుల అడుక్కి గట్టిగా కొట్టిస్తున్నాడు.