పండుగకు ముందటి మౌనము

జర్మనీ దేశపు లైప్‌జిగ్ నగరమున నవంబరు నెల ముగియునప్పటికి సాయంకాలము నాలుగు గంటలు దాటగనే ప్రొద్దు గ్రుంకును. ఆకులు రాలిన చెట్లును, తడిసిన రాతిబాటలును, ఒకదాని వెంట నొకటి వెలుగు కిటికీలును తప్ప వీధిలో వేఱు సందడి యుండదు. అట్టి యొక శనివారపు సంధ్యవేళ, క్రిస్మస్ కొఱకు ఎదురుచూచు ఆగమన కాలపు మొదటి ఆదివారమునకు ముందునాడు, నా భార్య బీరువా మీది అట్టపెట్టెను దింపి, అందలి కాగితపు మొనలను ఒక్కొక్కటిగా తీసి చాపమీద పఱచును. నేను వానిని లెక్కించి జతచేయుదును. చతురస్రపు మొదలు గలవి 17, త్రికోణపు మొదలు గలవి 8, మొత్తము 25 మొనలు తమతమ స్థానములలో కుదిరిన గాని నక్షత్రము నిలువదు. ఆ పనికి ఒక గంటకు తక్కువ పట్టదు. ఆ గంటసేపు మే మిద్దరమును ఎక్కువగా మాటలాడము. ఆఱు సంవత్సరములుగా మా యింట క్రిస్మస్ ఈ విధముగనే ఆరంభమగుచున్నది.

ఈ నక్షత్రము పుట్టుక తెలిసిన నాటినుండి దానిపై నాకు మమకారము హెచ్చినది. మేమున్న సాక్సనీ రాష్ట్రముననే తూర్పుదిక్కున హెర్న్‌హూట్ అను చిన్న ఊరు కలదు. మతము కొఱకు బాధింపబడి మొరేవియా నుండి తరలివచ్చిన కొన్ని కుటుంబములు 1722లో దానిని నిర్మించుకొనినవి. ఆ సమాజమువారు తమ ప్రచారకులను సముద్రములు దాటించి నానాదేశములకు పంపుచు, వారి బిడ్డలను ఇక్కడి వసతిబడులలో నుంచి చదివించెడివారు. పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగమున, నీస్కీ అను ఊరిలోని యట్టి బడిలో, క్షేత్రగణితము నేర్పుటకై పిల్లలచేత కాగితముతో చేయించిన ఆకృతియే ఈ నక్షత్రము. తల్లిదండ్రులు ఎక్కడో దూరదేశమున నుండగా, పండుగనాటికి ఇల్లు చేరలేని పసివారు తమ చేతులతో మడిచి అంటించి వెలిగించుకొన్న దీపమది. నేడు మా వంటివారి విషయమున ఆ కథ తలక్రిందులైనది. దూరదేశమున నున్నది బిడ్డలు, ఇంటికడ మిగిలినది తల్లిదండ్రులు.

మా ఊరి నక్షత్రము వేఱొక తీరుది. కృష్ణానది సముద్రమును చేరుటకు ముందు పాయలుగా చీలిపోవు ప్రాంతమున, రేపల్లెకు సమీపమున మా పల్లె కలదు. డిసెంబరు వచ్చినదనగనే మా నాయన వెదురుబద్దలు చీల్చి ఐదుమొనల చట్రము కట్టి, ఉడికించిన మైదాజిగురుతో రంగుకాగితము అంటించి, లోపల బల్బు వ్రేలాడదీసి, నిడుపాటి సరుగుడు గడకు కట్టి ఇంటి ముంగిట పాతెడివాడు. ఊరి పెద్దవీధులకు ఎడముగా, కాలువకట్టకు ఆవల మా పేట యుండెను. ఏ బావిలో చేద వేయరాదో, ఏ వీధిలో చెప్పులు చేతపట్టుకొని నడువవలెనో ఇతరులు శాసించిన కాలమును మా తాత ఎఱుగును. అట్టివాని యింటి ముంగిట, ఊరిలో ఏ మేడపైనుండి చూచినను కనబడునంత ఎత్తున, కొడుకు చేతితో చేసిన దీపము తెల్లవార్లు వెలుగుచుండిన యెడల, అది ఆయన కన్నులకు వట్టి అలంకారము కాదు. మైకులో వినబడిన కీర్తనయు, అర్ధరాత్రి తలుపు తట్టిన పాటల బృందమును, వాకిట మ్రోగిన డప్పును, మేమును మనుష్యులమేయని ఆ పేట ఊరికి చేసిన విన్నపములు కావు, ప్రకటనలు. కావున పండుగ సందడిని నిందించుటకై నేను కలము పట్టలేదు. ఆ సందడియే నన్ను పెంచినది.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఫోనులో బంధువులు పలుకరించునప్పుడెల్ల, "అయ్యో, అక్కడ మీరిద్దరే ఏం పండగ చేసుకుంటార్రా!" అని జాలిపడుదురు. వారి ప్రేమకు కృతజ్ఞుడను గాని, ఆ జాలికి మేము పాత్రులము కాము. మనుష్యుల సంఖ్యను బట్టి పండుగ హెచ్చుననియు తగ్గుననియు తలంచుట పొరపాటు. క్రిస్మస్ వేఱు, క్రిస్మస్ కొఱకు ఎదురుచూచుట వేఱు అనియు, ఆ ఎదురుచూపునకై పెద్దలు నాలుగు వారములు ప్రత్యేకించి యిచ్చిరనియు, నేను స్వదేశమున నుండగా ప్రసంగములలో వినియుంటిని గాని, అనుభవమున నెఱుగనైతిని. పిలుచువారును పిలువబడువారును లేని ఈ ఇద్దరి యింటిలో దాని నెఱుగగలిగితిని.

పచ్చని కొమ్మలు చుట్టిన చక్రమొకటి నాలుగు కొవ్వొత్తులతో మా భోజనపు బల్లమీద నుండును. ఇది 1839లో హాంబుర్గు నగరమున యోహాన్ హిన్రిఖ్ విఖెర్న్ అను పాదిరి, తాను సాకుచున్న నిరుపేద బాలురకై కల్పించిన యాచారము. పండుగ ఎప్పుడు వచ్చునని వారు దినదినమును అడుగుచుండగా, ఆయన ఒక బండిచక్రమునకు పనిదినములకై చిన్న ఎఱ్ఱ కొవ్వొత్తులను, ఆదివారములకై నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులను అమర్చి, దినమునకొకటి వెలిగించుచు లెక్క చూపెనట. మొదటి వారమున ఒక్క కొవ్వొత్తి వెలుగున నా భార్య తెలుగు బైబిలు తెఱచి యెషయా గ్రంథమునుండి ఒక అధ్యాయము చదువును. పిమ్మట ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నొకటి పాడుకొందుము, ప్రక్కవాటా వారికి వినబడనంత మెల్లగా. రెండవ వారమునకు వెలుగు రెండింతలగును. నాలుగవది వెలుగునప్పటికి మొదటి కొవ్వొత్తి అరిగి బెత్తెడు కూడ మిగులదు. గడచిన దినములు అట్లు కంటికి కనబడుచుండును.

ఆ తెలుగు అక్షరము ఈ నేలకు క్రొత్తది కాదు. ఇక్కడికి అరగంటకు పైచిలుకు రైలు ప్రయాణపు దూరమున హాలే నగరము కలదు. చెన్నపట్టణమున పెక్కేండ్లు పనిచేసి, బైబిలును తెలిగించి, ఆ వ్రాతప్రతి అచ్చు కాకుండగనే స్వదేశమునకు మరలిన బెంజమిన్ షుల్జ్, 1746 ప్రాంతమున ఆ నగరముననే కొన్ని చిన్న తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. అచ్చులో వెలువడిన మొదటి తెలుగు పుస్తకములు అవియే యందురు. తెలుగు మాట వినబడని ఊరిలో, శీతకాలపు రాత్రి దీపము ముందు కూర్చుండి తెలుగు అచ్చుప్రతులు దిద్దుకొను ఆ వృద్ధుని నేను తఱచుగా ఊహించుకొందును. అటులనే ఈ దేశమున హెల్మ్‌స్టెట్ పట్టణమున పుట్టి, అమెరికాకు పోయి, అచటి సంఘముచే పంపబడి 1842 జూలై 31న గుంటూరు చేరిన హయ్యరుగారిని తలంచుకొందును. ఆయన గుంటూరులో గడపిన మొదటి డిసెంబరున పాటల బృందములు లేవు, నక్షత్రములు లేవు. మా పూర్వులకు క్రిస్మస్ వచ్చినదే అట్టి యొక నిశ్శబ్దపు ఇంటినుండి.

లైప్‌జిగ్ నగరమునకు కీర్తి తెచ్చినది సంగీతము. 1723 మొదలు 1750లో మరణించువఱకు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఇక్కడి తోమస్ దేవాలయమున సంగీతాధికారి. ఆ కాలమున ఈ నగరపు దేవాలయములలో ఒక నియమముండెను: ఆగమన కాలపు మొదటి ఆదివారము గడచినది మొదలు క్రిస్మస్ ఉదయము వఱకు వాద్యబృందముతో కూడిన సంగీతము నిలిపివేయవలెను. తొలి యేండ్లలో ఆదివారము వెంట ఆదివారము కృతులు రచించి సమర్పించిన ఆ మహానుభావుడు సయితము ఆ ఆదివారములలో మౌనము పాటించెను. 1734 డిసెంబరు 25న ఆ మౌనము వీడినప్పుడు, ఆయన క్రిస్మస్ ఒరటోరియోలో అన్నిటికంటె ముందు వినబడినది భేరి. ఆ పిమ్మట పిల్లనగ్రోవులు, ఆ పిమ్మట బూరలు. వారములకొలది ఎదురుచూచిన చెవికి ఆ మొదటి భేరీఘాతము ఎట్లు వినబడియుండునో యని, ఆ దేవాలయము ప్రక్కనుండి నడచునప్పుడెల్ల నా ఒడలు పులకించును.

మన వైపు నేడేమి జరుగుచున్నది? డిసెంబరు ప్రవేశించినది మొదలు సెమీ క్రిస్మస్ అను పేర సభ వెంట సభ, కేకు వెంట కేకు, ఒక వీధిలోనే రెండు సంఘముల మైకులు. 25వ తేదీ వచ్చునప్పటికి పాడినవారి కంఠములు బొంగురుపోయి, విన్నవారి చెవులలసి, పిల్లలు ఆరాధనలో తల్లుల ఒడిలో నిద్రపోవుచుందురు. ఇరుగుపొరుగున నున్న అన్యమతస్థులను పిలిచి అన్నము పెట్టు సభలును, పేదలకు బట్టలు పంచు సభలును వానిలో కలవని యెఱుగుదును. అట్టివి ఉండవలసినవే. కాని వానికి సమయము లేకపోలేదు. సంఘాచారము ప్రకారము క్రిస్మస్ కాలము డిసెంబరు 25 మొదలు జనవరి 5 వఱకు పన్నెండు దినములు. ఆ పన్నెండు దినములను వట్టిగా విడిచిపెట్టి, ఎదురుచూడవలసిన నాలుగు వారములను సంబరములతో నింపుట న్యాయము కాదు. మన కాపరులు ఈ సభలను పండుగకు తరువాతి దినములకు మార్చిన యెడల, విందు తగ్గదు, దానము తగ్గదు, పండుగ మాత్రము తన చోటికి తాను వచ్చును.

ఇక మా వంటయిల్లు. ఈ దేశపు పండుగ రొట్టెయగు ష్టొలెన్‌కు డ్రెస్డెన్ నగరము ప్రసిద్ధము. మేమును ఒకటి కొని తెచ్చుకొందుము. కాని అరిసె లేనిదే మాకు క్రిస్మస్ కాదు. నాలుగవ ఆదివారమునకు ముందటి శుక్రవారము రాత్రి నా భార్య బియ్యము నానబోయును. ఒక రాత్రియు ఒక పగలును నానిన పిమ్మట వడగట్టి, గుడ్డమీద ఆరీ ఆరకుండగనే మిక్సీలో పిండి పట్టి జల్లించి, తడి పోకుండ అదిమి మూతపెట్టును. బెల్లము భారతీయుల అంగడిలో దొరకును. పాకము వద్ద మాత్రము ఆమె ఎవ్వరిని నమ్మదు. గిన్నెడు నీళ్లలో చుక్క వేసి, అది కరగక వ్రేళ్లనడుమ మెత్తని ఉండయైనదా లేదా చూచుకొని, "ఏమండీ, పిండి!" అని కేక వేయగనే నేను పిండి పోయుచుండవలెను, ఆమె కలుపుచుండవలెను, ఒక్క నిమిషము తడసినను పాకము ముదురును. ఆపైన నువ్వులద్ది, తట్టి, నూనెలో విడిచి, పొంగిన దానిని తీసి రెండు చెక్కల నడుమ ఒత్తి నూనె పిండవలెను. వేయించు చేయి ఒకరిది, ఒత్తు చేయి మఱియొకరిది. అరిసె ఒంటరిచేతి వంట కాదు. మా పేటలో అరిసెలనాడు నలుగురు స్త్రీలు చేరి ఈ ఇంటివి ముగించి ఆ ఇంటికి పోయెడివారు. ఆ నలుగురి పనిని ఇక్కడ ఇద్దరము చేయుదుము. ముప్పది అరిసెలగు నప్పటికి అర్ధరాత్రి దాటును. అందు ఆఱింటిని క్రింది వాటాలో ఒంటరిగా నుండు ముసలమ్మగారికి ఇచ్చివత్తును. ఆమె మఱునాడు ఆ పళ్లెమును వట్టిగా తిరిగి ఈయదు. దాలిచినచెక్క వేసి తాను కాల్చిన నక్షత్రాకారపు బిస్కత్తులతో తెచ్చి యిచ్చును.

24వ తేదీ మధ్యాహ్నము రెండు గంటలకు అంగళ్లు మూతపడును. చీకటిపడు వేళకు ఊరంతటి గంటలును కలిసి మ్రోగును. ఆరాధనకు పోయి వచ్చి, ఏడున్నరకు ఫోను పట్టుకొని కూర్చుందుము, ఏలయన అప్పుడు మా ఊరిలో అర్ధరాత్రి. నా చెల్లెలు కువైటులో నున్నది, నేనిక్కడ నున్నాను, ఊరిలో మా అమ్మానాయనలును ఇద్దరే. నిరుడు మా అమ్మ గొంతు మొదట నాకు వినబడలేదు. వెనుక మైకులో పాట అంత బిగ్గరగా నుండెను. తలుపు వేసికొని వచ్చి, "ఈసారి అరిసెలు వండలేదురా. మీ నాయనకి చేతులు వణుకుతున్నాయి, ఒత్తలేకపోతున్నాడు. ఇద్దరికీ ఎందుకులే అని ఊరుకున్నా" అనినది. నక్షత్రము కట్టితిరా యని అడిగితిని. "చట్రం కట్టాడు, కాగితం కూడా అంటించాడు. గడ ఎత్తేవాళ్ళేరి? వసారాలో పెట్టుకున్నాం" అనినది. మా నాయన మాటలాడలేదు. మా ఊరిలో పాట పాడుచున్న యువకులు ఆ యింటికి నూఱడుగుల దూరమున నుండిరి.

ఆ రాత్రి మా నక్షత్రము క్రింద కూర్చుండి మే మిద్దరమును చాలసేపు ఏమియు మాటలాడలేదు. మా మౌనము మేము కోరి తెచ్చుకొన్నది. వారి మౌనము వారిపై వచ్చి పడినది. ఈ రెంటిని ఒకటే యనుకొనుటకు నాకు మనసొప్పదు. నా తల్లిదండ్రుల విషయమున మొదటి దోషము నాది. దానిని ఎవరిమీదను పెట్టను. అయినను నా వంటి బిడ్డలను కన్నవారు మన పల్లెలలో ఒక యింట ఇద్దరు, ఒక యింట ఒక్కరు చొప్పున పెక్కురున్నారు. వారందరును పండుగకు సిద్ధపడుటకే తలంచి, చేతకాక సగములో నిలిపివేయుచున్నారు.

కావున సంఘపెద్దలను, యువజనులను వేడుకొనుచున్నాను. రాబోవు డిసెంబరున ఒక సాయంకాలము మైకు కట్టివేసి, అట్టి యిండ్లకు పొండు. పాట పాడకపోయినను సరియే. పిండి జల్లించి ఈయుడు, అరిసెలు ఒత్తి ఈయుడు, వారు బైబిలు చదువుకొనుచుండగా కూర్చుండి వినుడు. వసారాలో నక్షత్రము కనబడిన యెడల దానిని వాకిటికి తీసికొని రండు. సరుగుడు గడ ఎత్తి పాతుటకు ఇద్దరు మనుష్యులు చాలును.