పాఠ్య నిల్వతో కంప్యూటర్ అనుసంధానం: వ్యవసాయ విద్యలో దాని ఆవశ్యకత

వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో బోధనకు సంబంధించిన ఫైళ్లు నేడు చాలావరకు అంతర్జాలంలోనే నిల్వ ఉంటున్నాయి. ఉపన్యాస పాఠాలు, ప్రయోగశాల కరదీపికలు, క్షేత్ర ప్రదర్శనల చిత్రాలు, వీడియోలు మూడిల్, గూగుల్ క్లాస్‌రూమ్ వంటి వేదికలలో కోర్సుల వారీగా చేరుతున్నాయి. అయితే ఆ నిల్వను వాడుకొనే తీరు మాత్రం పాతదే. అధ్యాపకులు తమ కంప్యూటర్‌లో పాఠాన్ని సిద్ధం చేసుకొని, బ్రౌజర్ తెరచి, ఫైళ్లను ఒక్కొక్కటిగా ఎక్కిస్తారు. విద్యార్థులు వాటిని ఒక్కొక్కటిగా దించుకుంటారు. ఆపై అవి పెన్‌డ్రైవ్‌లలో, వాట్సాప్ బృందాలలో చేతులు మారుతాయి. సెమిస్టరు ముగిసేసరికి ఒకే పాఠానికి అనేక ప్రతులు పుట్టుకొస్తాయి. వాటిలో ఏది తాజాదో చెప్పగలవారు ఉండరు. కోర్సు నిల్వను అధ్యాపకుల, విస్తరణ శాస్త్రవేత్తల కంప్యూటర్లకు నేరుగా అనుసంధానించి, అందరూ ఒకే ఫైలును చూసే ఏర్పాటు చేయడమే దీనికి తగిన పరిష్కారం. దీనిని కంప్యూటర్ విభాగానికి చెందిన చిన్న సాంకేతిక విషయంగా భావించి వదిలివేయడం సరికాదు.

పాత ప్రతులతో వచ్చే నష్టం

ఇతర శాస్త్రాలలో పాత పాఠం చదివిన విద్యార్థికి పరీక్షలో మార్కులు తగ్గవచ్చు. వ్యవసాయ శాస్త్రంలో ఆ నష్టం పొలం దాకా వెళుతుంది. ఇందుకు కలుపు యాజమాన్య పాఠమే మంచి ఉదాహరణ. వేరుశనగ, మొక్కజొన్న, సోయాచిక్కుడు పంటలలో విత్తిన వెంటనే, కలుపు మొలకెత్తకముందే పిచికారీ చేయవలసిన మందుగా అలాక్లోర్ ఏళ్ల తరబడి పాఠాలలో ఉంటూ వచ్చింది. భారత ప్రభుత్వం 2018 ఆగస్టులో 18 రసాయనాలపై నిషేధ ఉత్తర్వు జారీ చేసింది. వాటిలో 12 రసాయనాలపై నిషేధం వెంటనే అమలులోకి రాగా, అలాక్లోర్, డైక్లోర్‌వాస్, ఫోరేట్, ఫాస్ఫామిడాన్, ట్రయజోఫాస్, ట్రైక్లోర్‌ఫాన్ అనే మిగిలిన 6 రసాయనాలపై 2020 డిసెంబరు 31 నుండి అమలులోకి వచ్చింది.

అధ్యాపకులు తమ పాఠాన్ని ఆ మేరకు సవరించి ఉండవచ్చు. కాని అంతకుముందే దించుకున్న ప్రతులు సవరణకు లోనుకావు. సీనియర్ల నుండి జూనియర్లకు అందిన పీడీఎఫ్ ఫైలులో అలాక్లోర్ మోతాదు అలాగే ఉంటుంది. చివరి సంవత్సరంలో రావెప్ కార్యక్రమం కింద గ్రామంలో ఉన్న విద్యార్థిని ఒక రైతు కలుపు మందు గురించి అడిగితే, ఆ విద్యార్థి తెరచి చూసేది తన ఫోనులో ఉన్న ఫైలునే. అక్కడ చదివి చెప్పిన మాట రైతుకు విశ్వవిద్యాలయం మాటే అవుతుంది.

విత్తనోత్పత్తిలో ఈ ప్రమాదాన్ని శాస్త్రవేత్తలు ఏనాడో గుర్తించారు. బ్రీడరు విత్తనం నుండి మూల విత్తనం, దాని నుండి ధ్రువీకృత విత్తనం అనే క్రమాన్ని ఏర్పరచినది జన్యు స్వచ్ఛతను కాపాడడానికే. మూలంతో సంబంధం తెగి, చేతులు మారుతూ పోయిన విత్తనంలో కల్తీ చేరుతుంది. విత్తనం విషయంలో ఇంత జాగ్రత్త వహించే సంస్థలు పాఠం విషయంలో మూలాన్ని పట్టించుకోకపోవడం విచారకరం.

అనుసంధానం జరిగే విధానాలు

అనుసంధానానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది వెబ్‌డావ్ అనే ప్రమాణం. 1999లో వెలువడిన ఈ ప్రమాణం వెబ్ సర్వర్‌లోని ఫోల్డరును కంప్యూటర్‌లో మరొక డ్రైవ్‌లా చూపుతుంది. సకాయ్ వంటి బోధనా వేదికలు కోర్సు వనరులకు ఈ సౌకర్యాన్ని కల్పించాయి. విండోస్‌లో నెట్‌వర్క్ డ్రైవ్‌ను జోడించే చోట ఆ కోర్సు చిరునామా, పేరు, పాస్‌వర్డ్ ఇస్తే సరిపోతుంది. ఫైలు సర్వర్‌లోనే ఉంటుంది. దానిని తెరచి, సవరించి, భద్రపరచడం మాత్రం సొంత కంప్యూటర్‌లోని ఫైలుతో చేసినట్లే జరుగుతుంది.

ఈ మార్గానికి పరిమితులు లేకపోలేదు. విండోస్‌లో సహజంగా ఉండే అమరిక ప్రకారం వెబ్‌డావ్ ద్వారా సుమారు 50 మెగాబైట్లకు మించిన ఫైలును దించుకోవడం సాధ్యపడదు. క్షేత్ర ప్రదర్శన వీడియో సులభంగా ఆ పరిమితిని దాటుతుంది. నిర్వాహకులు ఆ అమరికను మార్చగలరు గాని, సాధారణ వినియోగదారుకు కారణం తెలియక పని ఆగిపోతుంది. పైగా విండోస్‌లోని ఈ అంతర్గత సేవను ఇకపై అభివృద్ధి చేయబోమని మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించింది. కనుక కొత్తగా ఏర్పాటు చేసుకొనే కళాశాలలు దీనిపై మాత్రమే ఆధారపడడం మంచిది కాదు.

రెండవ మార్గం సింక్ విధానం. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటి సేవల అనువర్తనాన్ని కంప్యూటర్‌లో నెలకొల్పితే, అంతర్జాలంలోని ఫోల్డరు, కంప్యూటర్‌లోని ఫోల్డరు ఎప్పటికప్పుడు ఒకేలా ఉంటాయి. గూగుల్ క్లాస్‌రూమ్‌లో ప్రతి తరగతికి డ్రైవ్‌లో ఒక ఫోల్డరు దానంతటదే ఏర్పడుతుంది. సొంత సర్వర్ ఉన్న విశ్వవిద్యాలయాలు నెక్స్ట్‌క్లౌడ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వాడుకోవచ్చు; అందులో పై రెండు మార్గాలూ లభిస్తాయి. మూడిల్ వాడుతున్నచోట ఫైలు ప్రతిని ఎక్కించడానికి బదులు, నిల్వలోని ఫైలుకు లంకెను ఉంచడం మేలు. అప్పుడు మూలంలో జరిగిన సవరణ విద్యార్థికి వెంటనే కనిపిస్తుంది.

పరిశీలించవలసిన అభ్యంతరాలు

పరిశోధనా స్థానాలలో, కృషి విజ్ఞాన కేంద్రాలలో అంతర్జాలం అన్ని వేళలా అందదన్నది మొదటి అభ్యంతరం. ఇది వాస్తవమే. నెట్‌వర్క్ డ్రైవ్ అటువంటి చోట పనికిరాదు. సింక్ విధానంలో మాత్రం అవసరమైన ఫోల్డర్లను ఎంచుకొని కంప్యూటర్‌లోనే ఉంచుకొనే వీలున్నది. సంబంధం లేనప్పుడు ఆ ప్రతితో పని సాగుతుంది. సంబంధం తిరిగి ఏర్పడగానే మార్పులు చేరుతాయి. కోర్సు మొత్తాన్ని కాక, ఆ సీజనుకు కావలసిన పాఠాలను మాత్రమే ఎంచుకుంటే డేటా ఖర్చు కూడా అదుపులో ఉంటుంది.

భద్రతకు సంబంధించినది రెండవ అభ్యంతరం. ఇది మరింత బలమైనది. సింక్ అయిన ఫోల్డరులో ఒకరు ఫైలును తొలగిస్తే అది అందరి వద్దా తొలగిపోతుంది. ఒక కంప్యూటర్‌కు వైరస్ సోకి ఫైళ్లు చెడిపోతే, చెడిన ప్రతులే నిల్వకు చేరుతాయి. అందుచేత సింక్‌ను బ్యాకప్‌గా భావించడం పెద్ద పొరపాటు. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో తొలగించిన ఫైలు 30 రోజులు మాత్రమే ఉంటుంది. జన్యు బ్యాంకులలో నిత్యం వాడుకకు ఇచ్చే విత్తన సేకరణ వేరు, ఎవరూ ముట్టకుండా అతిశీతల గదులలో దాచే మూల సేకరణ వేరు. పాఠాలకు సైతం ఈ నియమమే వర్తించాలి. నెలకొకసారి వేరొక హార్డ్ డిస్కులోకి ప్రతి తీసి, దానిని కంప్యూటర్ నుండి విడదీసి ఉంచాలి. విద్యార్థులకు, విస్తరణ సిబ్బందికి చదివే అనుమతి మాత్రమే ఇచ్చి, సవరించే అనుమతిని కోర్సు బోధించే ఒకరిద్దరికి పరిమితం చేయాలి. విభాగంలో పలువురు వాడే కంప్యూటర్లలో వ్యక్తిగత ఖాతాను అనుసంధానించి వదిలివేయడం ఎంతమాత్రం తగదు.

తెలుగు ఫైళ్ల ప్రత్యేకత

విస్తరణ సాహిత్యం విషయంలో మరొక చిక్కు ఉన్నది. పాత కరపత్రాలు, కరదీపికలు అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లలో కూర్చబడ్డాయి. నిల్వలో వాటిని ఉంచినా, ‘వేరుశనగ’ అని వెతికితే అవి దొరకవు. నిషేధిత మందు పేరు ఏ పాఠంలో మిగిలి ఉన్నదో వెతికి పట్టుకోవాలంటే ముందు అవి యూనికోడ్‌లోకి మారాలి.

ఫైలు పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. యూనికోడ్ నిల్వ పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. లైనక్స్ సర్వర్లలో సాధారణంగా ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. అంటే 85 సంకేతాలకు మించి పట్టవు. గుణింతాలకు, ఒత్తులకు విడివిడి సంకేతాలు ఉండడం వలన పొడవైన తెలుగు శీర్షికను యథాతథంగా ఫైలు పేరుగా ఇస్తే సింక్ విఫలం కావచ్చు. కోర్సు సంఖ్య, పాఠం సంఖ్య, క్లుప్తమైన పేరు, సవరించిన తేదీ ఉంటే చాలును.

ఫైలు ఎవరి సొత్తు?

అన్నిటికన్నా ముఖ్యమైనది యాజమాన్య సమస్య. పాఠాలు అధ్యాపకుల వ్యక్తిగత డ్రైవ్‌లో ఉంటే, బదిలీతోనో పదవీ విరమణతోనో ఆ కోర్సు చరిత్ర కూడా వారి వెంట వెళ్లిపోతుంది. ఖాతా మూసివేస్తే నశిస్తుంది. గూగుల్‌లోని షేర్డ్ డ్రైవ్ వంటి ఏర్పాటులో ఫైలు వ్యక్తికి కాక సంస్థకు చెందుతుంది. విద్యాసంస్థలకు అపరిమిత నిల్వ ఇచ్చే విధానానికి స్వస్తి పలుకుతున్నట్లు గూగుల్ 2021లో ప్రకటించి, సంస్థ మొత్తానికి 100 టెరాబైట్ల ఉమ్మడి పరిమితిని నిర్ణయించింది. కాబట్టి ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి అన్న నిర్ణయం కూడా విభాగాలే తీసుకోవలసి ఉన్నది.

ప్రతి విభాగం సెమిస్టరు ఆరంభానికి ముందే కోర్సుకొక ఉమ్మడి ఫోల్డరును, దానికి ఒక బాధ్యుణ్ణి ఏర్పరచి, అధ్యాపకుల, అనుబంధ కృషి విజ్ఞాన కేంద్రాల కంప్యూటర్లకు అనుసంధానించడం కష్టసాధ్యమైన పని కాదు. రావెప్‌కు బయలుదేరే విద్యార్థులకు ఇచ్చే శిక్షణలో, పాఠాన్ని పాత ప్రతి నుండి కాక ఆ ఫోల్డరు నుండి తెరవడం ఒక అంశంగా చేరాలి. మందు పేరు చెప్పే ముందు పాఠంపై ఉన్న తేదీని చూసుకోవడం వారికి అలవాటు కావాలి.