పరమాన్నంలో ‘పరమ’ తీసేస్తే అన్నమే!



అణుబాంబు, అణుశక్తి, అణు విద్యుత్తు. మన పత్రికలు దశాబ్దాలుగా వ్రాస్తున్న ఈ మూడు మాటలూ తప్పులే. ఈ సంగతి రసాయన శాస్త్రం చెప్పే మాస్టారు చూసుకుంటారు కదా, తెలుగు పంతులుకెందుకీ గొడవ అని మీలో కొందరు నవ్వవచ్చు. తగవు మాటను గురించినది, కనుక నాది కూడా.

పరమమైన అణువు పరమాణువు. సవర్ణదీర్ఘ సంధి, విశేషణ పూర్వపద కర్మధారయం. వైశేషికులు అణువు, పరమాణువు అనే మాటలను ఇంచుమించు ఒకే అర్థంలో వాడారు. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం, ఎండపొడలో కనిపించే నలుసు ఆ త్ర్యణుకమే అన్నారు. నేటి లెక్కలో ఆ నలుసులో కోటానుకోట్ల పరమాణువులుంటాయి. కాబట్టి కణాదుడే డాల్టన్ అనే వాదం నాకు సమ్మతం కాదు. మన పాఠ్యపుస్తక కర్తలు కణాదుని సిద్ధాంతాన్ని తేలేదు, మాటలను మాత్రమే తెచ్చుకున్నారు. ఆటమ్‌కు పరమాణువు, మాలిక్యూల్‌కు అణువు, న్యూక్లియస్‌కు కేంద్రకం అని హద్దులు గీశారు. చక్కని పని. ఆ హద్దులను చెరిపేస్తున్నది పత్రికలవారు.

హద్దు చెరిగితే నష్టమేమిటో ఒక్క గ్లాసు నీటితో చెబుతాను.

మంచుగడ్డలో నీటి అణువులు తమ తమ చోట్ల కట్టుబడి కదలాడుతుంటాయి. కరిగితే ఒకదానిపై ఒకటి జారుతుంటాయి. 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగితే విడివడి, సుమారు 1,600 రెట్ల చోటును ఆక్రమిస్తాయి. ఘనం, ద్రవం, వాయువు అని పిల్లలు వల్లించేది ఇదే. ఇందులో ఏ అణువూ పగలలేదు. ఆవిరి కూడా నీరే.

అదే నీటిలో విద్యుత్తును ప్రవహింపజేస్తే అణువే విడిపోతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను పంచుకొని వేసుకున్న ముడి వీడి, రెండు పాళ్ళు హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ వాయువులుగా బయటికి వస్తాయి. ఇది రసాయనిక చర్య. ఇక్కడా పరమాణువులు చెక్కుచెదరలేదు.

మూడవది వేరే లోకం. యురేనియం-235 పరమాణువు నడుమనున్న కేంద్రకాన్ని న్యూట్రాన్ తాకి చీలుస్తుంది. ఒక్క కేంద్రకం చీలితే వచ్చే శక్తి, ఒక్క కర్బన పరమాణువు మండితే వచ్చే శక్తికి దాదాపు ఐదు కోట్ల రెట్లు. 1945 ఆగస్టు 6న హిరోషిమాను కాల్చినది ఇదే.

ఈ మూడవదానికి ‘అణు’ అని పేరు పెట్టడమంటే రెండు మెట్లు జారడం. పరమాన్నంలో ‘పరమ’ తీసేస్తే మిగిలేది వట్టి అన్నం. దానిని విస్తట్లో వడ్డించి పరమాన్నమంటే ఏ అతిథీ ఊరుకోడు. పాఠకుడు మాత్రం ఊరుకుంటున్నాడు.

‘రూఢి అయిపోయింది, మార్చలేము’ అంటారు. రూఢి ఒక్కటే ఉంటే నేనూ తలవంచుదును. ఇక్కడ బడిలో ఒక రూఢి, పత్రికలో మరొక రూఢి. ఉదయం పేపరులో అణువు బద్దలై నగరం బూడిదైందని చదివిన పిల్లవాడు, పది గంటలకు బడిలో నీటి అణువు పాఠం వింటాడు. ‘ఇంగ్లీషువారూ ఆటం బాంబు అన్నారు కదా’ అంటారు. అన్నారు. వారు జారినది ఒక మెట్టు, పైగా న్యూక్లియర్ అని దిద్దుకున్నారు. హిందీవారు చక్కగా పరమాణు బమ్ అంటున్నారు. ఐరోపాలోనూ ఈ గందరగోళం ఉండేది. 1811లో అవొగాడ్రో అణువుకూ పరమాణువుకూ భేదం చూపినా ఎక్కువమంది పట్టించుకోలేదు. నీటి సూత్రాన్నే తలా ఒక రకంగా వ్రాశారు. 1860లో కార్ల్‌స్రూహేలో రసాయన శాస్త్రజ్ఞులు సభ తీర్చి ఈ మాటల మీదనే వాదులాడారు. అక్కడ కానిజారో చేసిన వాదన తరువాతనే దారి తెరచుకుంది.

‘అయితే అన్నీ ఇంగ్లీషులోనే చెబుదాం’ అనేవారితోనూ నాకు పేచీయే. ఎలక్ట్రాన్‌కు సంస్కృత వేషం వేయమని నేను అడగను, ఆ మాట మన పిల్లలకు అలవడింది. ఉన్న తెలుగు మాటను తప్పుగా వాడవద్దనే అడుగుతున్నాను. కేంద్రక విచ్ఛిత్తి అని పాఠ్యపుస్తకంలో ఉన్నప్పుడు కేంద్రక బాంబు, కేంద్రక విద్యుత్తు అనడానికి నోరెందుకు తిరగదు?

ఇది పండితుల కాలక్షేపం కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ వద్దని జనం ఆందోళన చేశారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కేంద్రక విద్యుత్కేంద్రం ప్రతిపాదన ఉంది. అవునన్నా కాదన్నా తీర్పు చెప్పవలసినది ఆ ఊళ్ళ తెలుగువారే. ‘నీళ్ళలో యురేనియం ఉంటే కాచి చల్లారిస్తే పోతుందా’ అని ఒక తల్లి అడిగితే ఏమని చెబుతాం? కాస్తే క్రిములు చస్తాయి, నీటి అణువులు ఆవిరై పోతాయి. యురేనియం గిన్నెలోనే ఉంటుంది, మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. పొయ్యి మంట అణువులను విడదీయగలదు కాని కేంద్రకాన్ని తాకలేదు. ఈ ఒక్క వాక్యం ఆమెకు తెలియాలంటే అణువు వేరు, కేంద్రకం వేరు అని ముందు ఆమె చదివే పత్రికకు తెలియాలి.

పత్రికలు ఎప్పుడు దిద్దుకుంటాయో గాని, మన టపాలలో మనం నేటినుంచే దిద్దుకోవచ్చు. విభేదించేవారు వ్యాఖ్యలలో నిస్సంకోచంగా తగవుకు రండి.