మార్కులు బిడ్డకా, ఇంటికా?

2025 జూలై 10న రాష్ట్రమంతటా ప్రభుత్వ పాఠశాలల్లో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశం జరిగింది. ఆ సాయంత్రం నర్సీపట్నంలో ఒక తల్లి తన బిడ్డ ప్రోగ్రెస్ కార్డును మా చేతికిచ్చి, "ఇందులో ఏం రాశారో కాస్త చదివి చెప్పండి భాయ్" అని అడిగింది. లెక్కల్లో మార్కులు ఫరవాలేదు. తెలుగులో తక్కువ. చివర ఒక వాక్యం ఉంది: ఇంటిపని సక్రమంగా చేయడం లేదు, తల్లిదండ్రులు శ్రద్ధ వహించాలి. చదివి వినిపించాము. ఆమె కాసేపు మౌనంగా ఉండి, "అంటే మాకు శ్రద్ధ లేదని రాశారా?" అన్నది.

ఆ ప్రశ్నకు మా వద్ద వెంటనే జవాబు లేకపోయింది. ఆమె కుట్టుమిషను మీద పని చేస్తుంది. భర్త వెల్డింగు షాపులో పనికి వెళ్లి రాత్రి తొమ్మిదింటికి గాని ఇల్లు చేరడు. బడి విడిచాక ఆ అమ్మాయి తమ్ముణ్ణి చూసుకోవాలి, నీళ్లు పట్టాలి, అంట్లు తోమాలి. ఉన్నది ఒకే గది. పాఠ్యపుస్తకంలో ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. తల్లికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఈ ఇంటిలో శ్రద్ధకు కొదవ లేదు. కొదవ ఉన్నదల్లా తీరికకు, చోటుకు, అక్షరానికి. అయినా కార్డు మీద ఆ లోటు బిడ్డ తప్పుగానో, తల్లి తప్పుగానో నమోదవుతున్నది.

ప్రభుత్వ పాఠశాలల్లో ఇంటిపని గురించి, దానికి ముడిపెట్టిన మార్కుల గురించి మన సముదాయంలో చర్చ జరగడం మేము అరుదుగా విన్నాము. రిజర్వేషన్లు, ఉపకారవేతనాలు, ఫీజుల చెల్లింపు గురించి మాట్లాడతాము. అవన్నీ అవసరమే. కాని ఉపకారవేతనం అందుకునే వయసు వచ్చేలోపే ఎంతమంది బిడ్డలు "నాకు చదువు రాదు" అని తమంతట తామే నిర్ణయించుకుని బడి మానేస్తున్నారో కూడా అడగాలి.

2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదికను మనం తరచూ ఉటంకిస్తాము. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం బాలల్లో నాలుగో వంతు మంది అసలు బడి ముఖం చూడలేదనో, మధ్యలో మానేశారనో ఆ నివేదిక చెప్పింది. బడికి వెళ్లే వయసు పిల్లల్లో మదరసాలలో చదివేవారు నాలుగు శాతానికి మించరని కూడా చెప్పింది. అంటే మన బిడ్డల భవిష్యత్తు ప్రధానంగా మామూలు బడుల్లోనే తేలుతున్నది. అదే నివేదికలో మనం పెద్దగా పట్టించుకోని సూచన మరొకటి ఉంది. పేదల ఇళ్లు ఇరుకైనవి కనుక, పిల్లలు బడి తర్వాత కొన్ని గంటలు కూర్చుని చదువుకోవడానికి స్థానికంగా అధ్యయన కేంద్రాలు ఏర్పాటు చేయాలని కమిటీ కోరింది. ఇరవై ఏళ్లు కావస్తున్నది. ఆ సూచనను గుర్తుచేసిన వినతిపత్రం ఒక్కటీ మా కంటబడలేదు.

ఇంటిపని విషయంలో నియమాలు లేవని కాదు. 1993లోనే యశ్‌పాల్ కమిటీ ప్రాథమిక తరగతుల పిల్లలకు, పరిసరాలను పరిశీలించే పనులు తప్ప, ఇంటిపని ఉండరాదన్నది. 2018లో మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతులకు ఇంటిపని ఇవ్వవద్దని ఆదేశించింది. కేంద్రం 2020లో ప్రకటించిన బడి సంచీ విధానం రెండో తరగతి వరకు ఇంటిపని వద్దని, మూడు నుంచి అయిదో తరగతి వరకు వారానికి రెండు గంటలు, ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు ఒక గంట, ఆపై రోజుకు రెండు గంటలు మించరాదని చెప్పింది. ఇవి మంచి నియమాలే. అయితే ఇవన్నీ బిడ్డకు ఎంత సమయం పడుతుందన్నదే చూశాయి. ఆ గంటసేపు బిడ్డ ఎక్కడ కూర్చుంటుంది, తెలియనిది ఎవరిని అడుగుతుంది అన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఇంటిపనిని మార్కులతో ముడిపెట్టినప్పుడు ఆ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలన్నది. ఏడాది చివర మూడు గంటల పరీక్షతో పిల్లల తలరాత తేల్చకూడదన్న ఉద్దేశం గొప్పది. దానిని మన రాష్ట్రంలో అమలు చేసినప్పుడు నిర్మాణాత్మక మూల్యాంకనానికి 50 మార్కులు పెట్టి, అందులో తరగతిలో పాల్గొనడానికి 10, రాత పనులకు 10, ప్రాజెక్టు పనులకు 10, లఘు పరీక్షకు 20 కేటాయించారు. రాత పనుల నోటుపుస్తకాలు, ప్రాజెక్టులు ఎక్కువగా ఇంటి దగ్గర పూర్తయ్యేవే. అట్టలు, రంగులు, బొమ్మల ప్రింట్లు కొనిపెట్టి, అన్నయ్యో అక్కయ్యో పక్కన కూర్చుని చేయించిన ప్రాజెక్టుకూ, రాత్రి పది తర్వాత అందరూ పడుకున్నాక బిడ్డ ఒంటరిగా గీసుకున్న ప్రాజెక్టుకూ ఒకే కొలబద్ద. ఆ మార్కుల్లో కొంత భాగం కుటుంబ ఆదాయానికి పడినట్టే.

పదో తరగతిలో ఈ అంతర్గత మార్కులు 20. ప్రైవేటు పాఠశాలలు 20కి 20 వేసుకుంటున్నాయన్న విమర్శలతో 2019–20 నుంచి వాటిని తొలగించి, పరీక్షను తిరిగి 100 మార్కులకు మార్చారు. ఆ తర్వాత గ్రేడ్లు పోయి మార్కులు వచ్చాయి. 2022లో ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయి, రెండు లక్షల మంది పైచిలుకు పిల్లలు ఒక్కసారిగా తప్పారు. కరోనా కాలంలో బడులు మూతపడి, చేతిలో ఫోను లేక, ఇంట్లో చెప్పేవారు లేక నష్టపోయిన పిల్లల మీదనే ఆ దెబ్బ గట్టిగా పడిందని మా నమ్మకం. గ్రేడు మంచిదా, మార్కు మంచిదా అన్న వాదం ప్రభుత్వం మారినప్పుడల్లా మొదలవుతుంది. కొలిచే పద్ధతి ఏదైనా, కొలవడానికి ముందు బిడ్డకు అందవలసిన సాయం అందిందా అని అడిగేవారు తక్కువ. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రతి బిడ్డ అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనపు బోధన చేయడం ఉపాధ్యాయుని విధి అంటున్నది. అంటే చట్టం దృష్టిలో తక్కువ మార్కు పడిన చోట అదనపు బోధన మొదలుకావాలి. మన కార్డుల్లో ఆ చోట "తల్లిదండ్రులు శ్రద్ధ వహించాలి" అన్న వాక్యంతో సంగతి ముగిసిపోతున్నది.

ఇంటిపనిని పూర్తిగా రద్దు చేయమని మేము కోరడం లేదు. అలా కోరితే ముందుగా కాదనేది మన తల్లిదండ్రులే. "హోంవర్క్ ఇవ్వకపోతే అదేం బడి?" అని అబీద్ సెంటర్ దగ్గర తోపుడుబండి వ్యాపారి ఒకరు మాతో అన్నారు. నోటుపుస్తకం నిండితేనే బిడ్డ చదువుతున్నట్టు ఆయనకు నమ్మకం. ఆ నమ్మకంతోనే అప్పుచేసి బిడ్డలను ప్రైవేటు బడికి పంపేవారు ఉన్నారు. నేర్చుకున్నదాన్ని మరునాటికి మరిచిపోకుండా తిరిగి చేసి చూసుకోవడం అవసరమే. ఆ అభ్యాసం జరిగే చోటు, దాని మీద వేసే మార్కు మారాలన్నదే మా మాట.

ఇందుకు దారి మన ఎదుటే ఉంది. నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాటు ఎక్కితే ఆదివాసీ పిల్లల ఆశ్రమ పాఠశాలలు కనిపిస్తాయి. వాటిలో లోటుపాట్లు ఎన్ని ఉన్నా, సాయంత్రం స్టడీ అవర్ అనేది ఒకటి ఉంటుంది. పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు వంద రోజుల ప్రణాళిక పేరుతో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో అదనపు తరగతులు నడుపుతున్నారు. పదో తరగతికి వీలైనది ఆరో తరగతికి ఎందుకు వీలు కాదు? అప్పటికే నాలుగేళ్లు వెనుకబడ్డ బిడ్డకు చివరి వంద రోజులు ఏపాటి? ఫ్రాన్సు దేశంలో 2017 నుంచి ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో, ఇంటిపనిని బడిలోనే పెద్దల సాయంతో పూర్తి చేసే కార్యక్రమం నడుస్తున్నది. ఇంటిని బట్టి బిడ్డ చదువు మారకూడదన్నదే అక్కడి ఆలోచన కూడా.

ఉపాధ్యాయుల మీద ఇంకో బరువు వేస్తారా అన్న అభ్యంతరం న్యాయమైనది. యాప్‌లలో హాజరు వేయడం, భోజనం ఫొటోలు పంపడం వంటి పనులతోనే వారి పొద్దు గడిచిపోతున్నది. అందుకే సాయంత్రపు గంటకు స్థానికంగా డిగ్రీ చదువుతున్న, చదివి ఖాళీగా ఉన్న యువతీయువకులను గౌరవవేతనం మీద నియమించాలి. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన అమ్మాయిలు మన వీధుల్లోనే ఉన్నారు. వారు కూర్చుంటే తల్లులు ఆడబిడ్డలను నిస్సంకోచంగా పంపుతారు.

మేము ప్రభుత్వాన్ని కోరేవి మూడు. ఎనిమిదో తరగతి వరకు ఇంట్లో చేసిన పనికి మార్కులు వేయకూడదు. దానిని దిద్ది, తప్పు ఎక్కడుందో చూపాలి. ప్రతి ప్రభుత్వ పాఠశాలలో, లేదా నాలుగు వీధులకు ఒకచోట, సాయంత్రం ఒక గంట అధ్యయన కేంద్రం నడపాలి. ప్రోగ్రెస్ కార్డులో బిడ్డకు ఏం వచ్చు, ఏం రాదు, బడి ఏం చేయబోతున్నది అనే మూడు సంగతులను తల్లికి అర్థమయ్యే మాటల్లో, కోరినవారికి ఉర్దూలో రాసివ్వాలి. 2022లో శాసనసభ ఉర్దూను రెండో అధికార భాషగా ఆమోదించింది. ఆ గౌరవం ఒక తల్లి చేతిలోని కార్డు దాకా రావాలి.

మనం చేయవలసినదీ ఉంది. పాఠశాల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, బలహీన వర్గాలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలని చట్టం చెబుతున్నది. ఆ ఎన్నికల రోజున మనవారు ఎంతమంది బడికి వెళ్తున్నారు? చదువు గొప్పతనం మీద జుమా ప్రసంగాలు ఎన్నో వింటాము. ఆ ప్రసంగం జరిగిన మసీదు ఆవరణలోనో, షాదీఖానాలోనో అసర్ నుంచి మగ్రిబ్ వరకు ఒక దీపం, రెండు చాపలు, ఒక చదువుకున్న మనిషి ఉంటే చాలు. ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కరలేదు. పక్కింటి హిందూ బిడ్డకు, దళిత బిడ్డకు కూడా అక్కడ చోటుండాలి. వారి ఇళ్లూ ఇలాంటివే.

ఆ తల్లి కార్డును మడిచి రవిక గుడ్డల సంచిలో పెట్టుకుంది. వెళ్తూ, "సాయంత్రం ఎవరైనా చెప్పేవాళ్లుంటే పంపిస్తాను, గంటసేపు తమ్ముణ్ణి నేనే చూసుకుంటాను" అన్నది. మిషను మీద ఒక గంట పని మానుకుంటే ఆమెకు ఎంత నష్టమో మాకు తెలుసు.