ముందు జ్వరం సంగతి అడుగుదాం

మీ అబ్బాయో అమ్మాయో డాలస్‌కో టొరంటోకో బయల్దేరిన రోజు గుర్తుందా? పచ్చళ్ల సీసాల పక్కనే జ్వరం మాత్రలు, డాక్టరు చీటీలు సర్ది ఉంటారు. ఇన్సూరెన్స్ తీసుకున్నారో లేదో పదిసార్లు అడిగి ఉంటారు. ‘అక్కడ తెలుగు డాక్టరు ఎవరైనా ఉన్నారేమో కనుక్కో’ అనీ చెప్పే ఉంటారు. కొత్త చోట అర్ధరాత్రి జ్వరమొస్తే ఎవరి తలుపు తట్టాలో తెలియదన్న భయం మనది.

అదే భయం మన పక్కనే, ఇల్లందు చుట్టుపక్కల అడవి అంచుల్లోనూ ఉంది. సంక్రాంతి దాటి మిరప కోతలు ఊపందుకుంటే ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు పిల్లాపాపలతో వస్తారు. చేలగట్ల మీద పట్టాల గుడిసెలు వేసుకుంటారు. కోతలయ్యాక చాలామంది వెళ్లిపోతారు. వెళ్లనివాళ్లూ ఉన్నారు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక నాటి దంతెవాడ జిల్లా పల్లెలు వదిలి, అడవి దాటి వచ్చి, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు ప్రాంతాల్లో గుంపులు కట్టుకున్న గుత్తికోయలు వీళ్లు. సల్వాజుడుం చెల్లదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ వెనక్కి వెళ్లడం అందరికీ సాధ్యం కాలేదు. ఇక్కడ ఎస్టీ ధ్రువపత్రం దొరకడం కష్టం. చాలా గుంపులకు సరైన దారి కూడా లేదు.

ఆ తల్లులు ఆసుపత్రికి రారనీ, నాటువైద్యాన్నే నమ్ముతారనీ మనం తేలిగ్గా అనేస్తాం. నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఓ ఆసుపత్రి ఓపీ కౌంటరు దగ్గర ఒక యువతి ఏడాది బిడ్డను గుడ్డలో కట్టుకుని నిలబడింది. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. కౌంటరులోని మనిషి ఆధార్ అడిగాడు. ఏ ఊరని అడిగాడు. ఆమెకు తెలుగు రాదు. వెనక వరుసలో గొణుగుడు మొదలైంది. ఆమె మారుమాట లేకుండా వెనుదిరిగింది. నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి బిడ్డకు ఫిట్స్. వరుసలో ఉన్న ఓ కోయ పెద్దావిడ తన భాషలో రెండు మాటలు కలిపితే అప్పుడు విషయం బయటపడింది. జ్వరం వారం రోజులుగా ఉందట, రోజూ చలితో వస్తోందట. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. బిడ్డ దక్కింది. కానీ మొదటిరోజు ఆ రెండు మాటలు మాట్లాడేవారు ఎవరైనా ఉంటే అంతదాకా వచ్చేదే కాదు.

అడవి ప్రాంతంలో చలిజ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఫాల్సిపారమ్ రకం మలేరియా మెదడుకు పాకితే రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు ముప్పు మరీ ఎక్కువ. వైవాక్స్ రకమైతే కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ తిరగబెడుతుంది. అందుకే దానికి డాక్టరు సూచించిన మాత్రలు 14 రోజులూ వాడాలి. కూలీ మూడోరోజు జ్వరం తగ్గగానే మాత్రలు ఆపి పనిలోకి దిగుతాడు. అలా దిగొద్దని చెప్పాల్సింది పని ఇచ్చిన మనమే. వేలి కొస నుంచి తీసే ఒక్క చుక్క రక్తంతో ర్యాపిడ్ కిట్ అరగంట లోపే ఫలితం చెబుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష, మందులు ఉచితం.

‘వాళ్లే జ్వరాలు మోసుకొస్తున్నారు’ అనే మాట కూడా వింటుంటాం. మలేరియా క్రిమి ఒంట్లో ఉన్నా జ్వరం కనిపించని మనుషులు ఉంటారు, నిజమే. కానీ ఆ క్రిమిని ఒకరి నుంచి ఇంకొకరికి చేర్చేది ఇక్కడి దోమే. దానికి గుడిసె, డాబా తేడా లేదు. చేలగట్టు మీది గుడిసెలో దోమతెర ఉంటే, అక్కడి జ్వరానికి తొలిరోజే పరీక్ష జరిగితే, మన పిల్లలకూ అది రక్షణే.

పోడు భూముల తగాదాలు ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యాక ఈ జిల్లాలో కోపం, భయం రెండూ పెరిగాయి. ఆ కోపాన్ని కాదనలేం. నేరం తేల్చడానికి కోర్టులున్నాయి, భూమి సంగతి తేల్చడానికి ప్రభుత్వం ఉంది. అవి తేలేదాకా ఏడాది బిడ్డ జ్వరం ఆగదు.

అసలు ఇల్లందు ఎవరిది? 1871లో ఇక్కడ బొగ్గు బయటపడింది. 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. అడవి మధ్య ఊరు బొగ్గుట్టగా పేరు తెచ్చుకుంది. గనుల్లోకి దిగడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. అలా వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలే ఇవాళ మనలో చాలామంది. వాళ్లకూ ఈ నేల మొదట కొత్తదే, ఈ జ్వరాలూ కొత్తవే.

మనం చేయగలిగినవి చిన్న పనులే. మీ చేలో కూలీల ముఠా దిగిన రోజే ఆశా కార్యకర్తకు కబురు పెట్టండి. గర్భిణులు ఎవరున్నారో, ఐదేళ్లలోపు పిల్లలు ఎందరో చెప్పండి. పిల్లల టీకా కార్డు ఛత్తీస్‌గఢ్‌దైనా ఇక్కడ టీకా వేస్తారు. మధ్యలో డోసు తప్పితే మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు, ఆగినచోటి నుంచి కొనసాగిస్తే చాలు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించండి. టీబీ మందులు అక్కడ మొదలుపెట్టినా ఇక్కడి ఆసుపత్రిలో కొనసాగించుకోవచ్చు. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పథకం కింద వాళ్ల కోటా బియ్యం ఇక్కడి రేషన్ దుకాణంలోనూ తీసుకోవచ్చు. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక కొని తినేవాళ్లుంటారు. రాత్రి కష్టమొస్తే 108కి ఫోను చేసి, దారి తెలుగులో చెప్పగలిగేది మీరే.

అధికారులను అడగాల్సింది కూడా ఒకటుంది. ఈ ప్రాంతపు ప్రతి ఓపీ కౌంటరు దగ్గర కోయ భాష తెలిసినవారు ఒకరు ఉండాలి. గుత్తికోయల మాటకూ ఇక్కడి కోయ మాటకూ చుట్టరికం ఉంది. ఇక్కడి కోయ ఆడబిడ్డలకే ఆ ఉద్యోగం ఇవ్వొచ్చు. చీటీలో మొదటి ప్రశ్న ఆధార్ నంబరు కాకూడదు. జ్వరం ఎన్నాళ్లుగా ఉందన్నదే కావాలి.

ఈసారి ఆసుపత్రి వరుసలో మీ ముందు ఎవరైనా కొత్త తల్లి బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంటే విసుక్కోకండి. పక్కన కోయ మాట తెలిసినవాళ్లు ఎవరున్నారో చూసి పిలవండి. మీ వంతు పది నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే.