మట్టికుండలో క్రయపత్రం

క్రీ.పూ. 587 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. పట్టణం శత్రువు వశమవుతుందని ప్రకటించినందుకు యిర్మీయా ప్రవక్త చెరలో ఉన్నాడు. అయినా దేవుని మాట విని, అనాతోతులోని పొలాన్ని 17 తులాల వెండి తూచి కొన్నాడు. క్రయపత్రాన్ని మట్టికుండలో భద్రపరచమని బారూకుకు చెప్పాడు (యిర్మీయా 32). ప్రజలు ఆ దేశానికి తిరిగివస్తారన్న దేవుని వాగ్దానమే ఆయన ధైర్యం.

ఆ పొలాన్ని యిర్మీయా దున్నినట్లు బైబిల్లో ఎక్కడా లేదు. తరువాత ఆయనను ఐగుప్తుకు తీసుకుపోయారు.

మనమైతే ఫలితం కనిపిస్తేనే అడుగు వేస్తాం. పరిస్థితులు చక్కబడ్డాక ఇద్దాం, క్షమిద్దాం, సేవ చేద్దాం అంటాం. విశ్వాసమంటే కష్టం లేదనుకోవడం కాదు. పంట ఎవరు కోసినా సరే, దేవుడు చూపిన చోట ఈ రోజే విత్తడం. మన బ్రతుకుకు పరమార్థం అదే.