గొళ్ళెము మరచిన తాళము

గత శీతకాలమున కెనడా దేశములో టొరాంటో నగరమునకు పొరుగుననున్న బ్రాంప్టనులో మా అమ్మాయి యింట మూడు మాసములు గడపితిని. ఒకనాటి రాత్రి భోజనములైన పిదప ఆమె వంటింటి గట్టుమీది స్టీలు డబ్బా మూత తీసి, కారు తాళపుచెవులు రెండింటిని అందులో వేసి, మూత బిగించి, అరచేతితో దానిపై రెండు మారులు చరచినది. ఆ డబ్బాను నేనెరుగుదును. పన్నెండేండ్ల క్రిందట ఆమె కాపురమునకు బయలుదేరునపుడు తెనాలిలో కొని, మూతమీద పేరు చెక్కించి, నిండుగ కారప్పూస పోసి వాళ్ళమ్మ పెట్టెలో సర్దిన డబ్బా అది. "ఇందులో తాళాలేమిటమ్మా?" అని అడిగితిని. "బయట పెడితే పొద్దున్నకి కారుండదు నాన్నా" అని, అందులో వింత యేమియు లేనట్లుగా, దీపమార్పి ఆమె మేడపైకి పోయినది.

ఆ మాటలోని నిజము వారము తిరుగకుండనే నా కంటబడినది. ఎదురింటివారి కారు రాత్రికి రాత్రి పోయెను. తెల్లవారి చూచునప్పటికి వారి వాకిలియంతయు జానెడు మంచు పరచుకొని యుండగా, కారు నిలిచిన మేర మాత్రము బెత్తెడు మంచుతో పల్లముగా, గీత గీచినట్లు, నలుపలకలుగా కనబడుచుండెను. మంచు కురియ నారంభించినది రాత్రి పదిగంటలకు గనుక, ఆ రెండు మందముల భేదమును బట్టి కారు ఏ జామున కదలినదో ఇరుగుపొరుగువారు లెక్క కట్టుచుండిరి. పగిలిన గాజుపెంకు ఒక్కటైనను లేదు. తాళపుచెవి ఆ గృహస్థుని కోటు జేబులోనే, వీధితలుపు ప్రక్కనున్న కొయ్యకు వ్రేలాడుచున్నది. ఆయన దానిని తీసి అరచేతిలో పెట్టుకొని, మాటిమాటికి మీట నొక్కుచు, ఆ పల్లమువైపు చూచుచు నిలువబడియుండిన దృశ్యము నేనిప్పటికిని మరువజాలకున్నాను.

మన పూర్వులు చౌర్యమును సైతము ఒక విద్యగా గణించిరి. శూద్రకుని మృచ్ఛకటికములో శర్విలకుడు జందెముతో కొలత తీసి గోడకు కన్నము వేయును. ఎంత శిల్పముగా వేసినను తెల్లవారునప్పటికి ఆ కన్నము గోడలో సాక్ష్యముగా నిలిచియే యుండును. నేటి చోరుడు కన్నము వేయునది గాలిలో. సొత్తు పోగొట్టుకొన్నవాడు పోలీసులకు గాని బీమా కంపెనీవారికి గాని చూపవలసిన ఆనవాలేమియు మిగులదు. మన దేశములో కారు పోయినదని బీమాకై పోయినవానిని మొట్టమొదట అడుగునది అసలు తాళపుచెవులు రెండును తెచ్చి ఒప్పగింపుమని. చెవులు రెండును భద్రముగా నుండి కారు మాత్రమే పోయిన గృహస్థుని మొగమున, నష్టముతోబాటు, తన్నెవరైన శంకింతురేమో యన్న దైన్యము కూడ చేరును.

జేబులోనుండి తీయనక్కరలేకయే పనిచేయు ఈ తాళపుచెవి విధానము స్థూలముగా ఇట్లుండును. మనము తలుపు పిడిని ముట్టగానే, కారు సెకనుకు సుమారు 1,25,000 కంపనములు గల ఒక బలహీనమైన అయస్కాంత తరంగముతో తన చెవిని పిలుచును. ఆ పిలుపు గజము రెండు గజములకు మించి పోజాలదు. పిలుపు విన్న చెవి, కారు వేసిన ప్రశ్నకు తన గర్భమునందలి రహస్యసంఖ్యతో గణించిన సమాధానమును మిక్కిలి హెచ్చు పౌనఃపున్యము గల రేడియో తరంగముపై పంపును. సమాధానము సరిపోయినచో తలుపు తెరచుకొనును. మీట నొక్కినంతనే ఇంజను కదలును. పిలుపు దూరము పోదు గనుక, జవాబు వచ్చినచో చెవి దగ్గరనే యున్నదని కారు విశ్వసించును. ఆ విశ్వాసమే దొంగకు ద్వారము. ఒకడు తీగచుట్టను చేతబట్టి ఇంటి గోడకు, వీధితలుపునకు చేరువగ నిలుచును. రెండవవాడు మరియొక పెట్టెతో కారు ప్రక్కన నిలుచును. కారు పిలుపును ఈ రెండవవాడు అందుకొని మొదటివానికి అందించును. కొయ్యకు వ్రేలాడు కోటులోని చెవి, యజమాని వచ్చి కారు ముట్టినాడనుకొని, విధేయతతో జవాబు చెప్పును. ఇంగ్లండులోని సోలిహల్ పట్టణమున 2017 సెప్టెంబరులో ఇద్దరు దొంగలు ఈ విధముగనే ఒక మెర్సిడిస్ కారును తీసికొనిపోయిన దృశ్యమును వెస్ట్ మిడ్లాండ్స్ పోలీసులు లోకమునకు చూపిరి. ఆ కార్యమంతయు నిమిషము పాటిది.

ఇందులో రహస్యసంఖ్య యేమైనను బయటపడెనా? లేదు. సంకేతశాస్త్రమునందు ఎట్టి లోపమైనను కలిగెనా? అదియు లేదు. ఈ విచిత్రమును గ్రహించుటకు, జాన్ కాన్వే అను గణితవేత్త 1976లో ప్రకటించిన గ్రంథమునందలి ఒక ముచ్చట మిక్కిలి తోడ్పడును. చదరంగమున ఎత్తు లేమియు తెలియని ఒక చిన్నపిల్ల, ఇద్దరు మహాక్రీడాకారులతో ఒకేసారి ఆడుటకు పూనుకొనును. మన పాఠకులకు సులభముగ నుండుటకై, ఒక గదిలో కోనేరు హంపి, మరియొక గదిలో పెంటేల హరికృష్ణ కూర్చున్నారని భావింతము. పిల్ల చేయునదెల్ల, ఈ గదిలోని ఎత్తును ఆ గదిలో వేయుట, ఆ గదిలోని ఎత్తును ఈ గదిలో వేయుట. ఆడుచున్నది వారిద్దరే, అయినను ఒక ఆటయందు పిల్లకు గెలుపు, లేదా రెండింటను సమము తప్పదు. చదరంగములో వారెంత నిపుణులైన నేమి, ఎదుట కూర్చున్నది ఎవరో వారు పరీక్షింపలేదు. దొంగ కూడ గణితము నేర్వనక్కరలేదు. కారు మాట చెవికి, చెవి మాట కారుకు మోసిన చాలును.

తాళము వేసితిని, గొళ్ళెము మరచితిని అని మనవారందురు. ఛేదింప నలవిగాని సంకేతమను తాళమును వేసి, "ఈ జవాబు ఎంత దూరమునుండి వచ్చుచున్నది?" అని అడుగుటయను గొళ్ళెమును కార్ల నిర్మాతలు మరచిరి. మరచిరనుట కూడ సరిగాదేమో. ఆ ప్రశ్న నెట్లడుగవలెనో స్టెఫాన్ బ్రాండ్స్, డేవిడ్ చామ్ అను నిరువురు పండితులు 1993లోనే వివరించియుండిరి. వెలుతురు ఒక సెకనులో నూరుకోట్లవ వంతు కాలమున ఇంచుమించు ఒక అడుగు మాత్రమే నడచును. రేడియో తరంగమైనను దానికంటె వడిగ నడువజాలదు. కావున ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు పట్టిన కాలమును సూక్ష్మముగ కొలిచినచో, చెవి ప్రక్కనున్నదో పడకగదిలో నున్నదో దాచుట ఎంతటి దొంగకును సాధ్యము గాదు. 2011లో జూరిక్ నగరపు సాంకేతిక విద్యాలయ పరిశోధకులు ముగ్గురు, ఎనిమిది సంస్థలు నిర్మించిన పది రకముల కార్లను తీసికొని, పదింటిని పైన చెప్పిన మోసముతో తెరచి నడిపి, ఆ వృత్తాంతమును బహిరంగముగ ప్రకటించిరి. అయినను నిర్మాతలు కదలలేదు. 2019 ఆరంభమునకు జర్మనీలోని వాహనదారుల సంఘమగు ఆడాక్ 237 రకముల కార్లను పరీక్షింపగా 230 తెరచుకొని బయలుదేరినవి. పూర్తిగా ఎదిరించి నిలిచినవి మూడే. ఆ మూడును కాలమును కొలుచు నూతన పద్ధతిని అమర్చుకొన్న జాగ్వార్ లాండ్ రోవర్ సంస్థవారివి. ఒక సంస్థ చేయగలిగిన పనిని తక్కినవారు చేయలేకపోయిరనుట నేను నమ్మను.

నాకు మిక్కిలి బాధ కలిగించిన సంగతి మరియొకటి కలదు. మెగామోస్ అను తాళపు సంకేతము దుర్బలమని కనుగొన్న ముగ్గురు పరిశోధకులు, దానిని తయారుచేయువారికి ముందుగ తెలిపిన పిమ్మటనే ప్రకటింపబూనగా, 2013లో వోక్స్‌వాగన్ సంస్థ లండను హైకోర్టునుండి నిషేధపుటుత్తరువు తెచ్చెను. ఆ వ్యాసము 2015 వరకు వెలుగు చూడలేదు. లోపమును మూసిపెట్టినంత మాత్రమున దొంగకు తెలియకుండ పోవునా? తెలియకుండ పోవునది కొనువానికే.

ప్రభుత్వము పూనుకొన్నచో ఏమగునో చూపుటకు కెనడా దేశమే సాక్ష్యము. విన్నిపెగ్ నగరము ఒకప్పుడు కార్ల దొంగతనములకు పేరుపడినది. అచటి ప్రభుత్వ బీమాసంస్థ, దొంగల కెక్కువగ చిక్కు కార్లకు, సరియైన చెవి లేక ఇంజను కదలనీయని ఇమ్మొబిలైజరు అను పరికరమును ఉచితముగ అమర్చి, 2007లో దానిని నిర్బంధము చేసెను. కొద్ది సంవత్సరములలో దొంగతనములు నాలుగింట మూడు వంతులకు మించి తగ్గిపోయినవి. ఆ 2007లోనే దేశమంతట క్రొత్త కార్లకు ఆ పరికరము తప్పనిసరి యైనది. ఆ విజయము తరువాత, సుఖము పేరిట వచ్చిన ఈ క్రొత్త చెవి వెనుకటి ద్వారమును మరల తెరచినది. 2024 ఏప్రిలులో పోలీసులు, మాంట్రియల్ రేవులో ఓడలెక్కుటకు సిద్ధముగనున్న 598 దొంగకార్లను పట్టుకొంటిమని ప్రకటించిరి. అంతకు కొద్దివారముల ముందే టొరాంటో పోలీసు అధికారి యొకడు, దొంగలు చెవికై ఇంటిలోనికి చొరబడి మీమీద చేయి చేసికొనకుండునట్లు చెవులను వీధితలుపు దగ్గరనే పెట్టుకొనుడని ఒక సభలో ప్రజలకు హితవు చెప్పెను. ఆ అధికారి దురుద్దేశముతో చెప్పినాడనను. ప్రాణముకంటె కారు గొప్పది గాదు. కాని పౌరుడు తన సొత్తును గుమ్మములో పెట్టి దొంగకు దారి విడువవలసిన స్థితిని ఎవరు తెచ్చిరో అడుగకుండుట ఎట్లు?

ఈ పీడ సముద్రముల కావల మాత్రమే యున్నదని మనము నిశ్చింతగ నుండరాదు. 2021లో మన హైదరాబాదు బంజారాహిల్సులోనే ఒక పెద్ద హోటలునుండి ఫార్చ్యూనరు కారు మాయమయ్యెను. మరుసటి సంవత్సరము బెంగుళూరులో పట్టుబడిన నిందితుడు తాళపుచెవికి నకలు సృష్టించు ఎలక్ట్రానిక్ పరికరములను వాడినాడని పత్రికలు వ్రాసినవి. ఆ నకలు పరికరములు మారుచెవులు చేయువారి వృత్తికై పుట్టినవే.

కారుకును చెవికిని నడుమ మాటలను అడ్డగించు స్టీలు డబ్బా సర్వరోగ నివారిణి గాదనియు చెప్పుట నా ధర్మము. కార్ల భద్రతను పరిశోధించుటయే వృత్తిగాగల ఇయాన్ టేబర్ అను నాతని టొయోటా కారు 2022లో లండనులో పోయెను. దానికి ముందే ఎవరో ముందు దీపము దగ్గరి బంపరును ఊడదీయ ప్రయత్నించిన జాడలను అతడు చూచి, అల్లరిమూకల పనియని తలచియుండెను. తరువాత తెలిసినదేమనగా, దొంగలు దీపపు తీగలద్వారా కారు నాడీమండలములోనికే ప్రవేశించి, చెవితో ప్రమేయములేకయే, "చెవి వచ్చినది" అని ఇంజనుకు అబద్ధపు వార్త పంపుదురు. వారు వాడు యంత్రము పాటలు వినిపించు ఒక చిన్న స్పీకరు రూపములో నుండును. ఇట్టిదానిని డబ్బా యేమి చేయును? స్టీరింగుకు వేయు ఇనుపకడ్డీ తాళము, ఇంజను కదలుటకు ముందు అంకెల సంకేతము నడుగు ఏర్పాటు, ఇవియే అచట కొంత అడ్డు నిలుచును.

నా విన్నపము నిర్మాతలకును ప్రభుత్వములకును. దూరమును కొలువని చెవితో క్రొత్త కారు అమ్ముటను నిషేధింపవలెను. ఇప్పటికే అమ్మిన కార్లకు, కదలిక లేనపుడు నిద్రించు చెవినైనను ఉచితముగ మార్చి యీయవలెను. అట్టి చెవిని ఫోర్డు సంస్థ 2019లోనే బ్రిటనులో చిన్నకార్లకు సైతము ఇచ్చినది. 40 సెకనులు కదలక పడియున్నచో అది ఏ పిలుపునకును పలుకదు. దొంగ పరికరములను దగ్గరనుంచుకొనుటయే నేరమని కెనడా 2024లో శాసించినది, మంచిదే. కాని దొంగను దండించు చట్టమునకు ముందు, దొంగకు అనువైన తాళమును అమ్మువానిని అడ్డగించు చట్టము కావలెను. లక్షలు పోసి కారు కొన్నవాడు కారప్పూస డబ్బాను ఆశ్రయించి నిద్రించుట నిర్మాతలకు గౌరవము గాదు.

అంతవరకు ఇంటనున్నవారము చేయగలది కొంత కలదు. అక్కరలేనిచో ఈ సౌకర్యమును ఆపివేయుటకు అనేకమైన కార్లలో వీలున్నది; అమ్మిన షోరూమువారిని అడిగి తెలిసికొనుడు. డబ్బాను నమ్ముటకు ముందు పరీక్షింపుడు. నేను పరీక్షించితిని. మూత ఊరక పెట్టి డబ్బాను చంకనిడుకొని కారుచెంత నిలిచి పిడి లాగగా తలుపు తెరచుకొన్నది. మూత అంచు కంటికానని సందు లేకుండ బిగియునట్లు చరచి లాగగా తెరచుకొనలేదు. మా అమ్మాయి రెండు మారులు చరచుటలోని అర్థము అప్పుడు తెలిసినది. మీరును ఈ రాత్రియే అట్లు చేసి చూడుడు. తలుపు తెరచుకొన్నచో ఆ డబ్బాను విడిచి వేరొకటి వెదకుడు. బీరువాలో పడియున్న రెండవ చెవిని మాత్రము మరువకుడు. అదియు పిలిచినపుడు పలుకును.